మనాడో నుంచి తెర్నాతేకి రెండు గంటలు

ఆగండి! పేజీ తిప్పకండి. ముందు ఇది వినండి.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట. సింగపూర్, పుంగ్గోల్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. స్పందన ల్యాబ్ నుంచి వచ్చి చూస్తే ల్యాప్‌టాప్ లేదు. డ్రాయర్‌లో బ్యాకప్ డిస్క్ కూడా లేదు. మూడేళ్ల రీసెర్చ్ అంతా ఆ రెండింట్లోనే! శుక్రవారం ప్రెజెంటేషన్. దాని మీదే యూనివర్సిటీ ఉద్యోగం. ఉన్నది ఒకటే పోస్టు.

తలుపు పగల్లేదు. డిజిటల్ లాక్. కోడ్ తెలిసింది ముగ్గురికే. స్పందన, ఆమెకు కాబోయే భర్త అభిజిత్, రూమ్మేట్ గీతాంజలి.

గురువారం సాయంత్రం ప్రైవేట్ డిటెక్టివ్ సరోజిని ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"అభిజిత్, సోమవారం పొద్దున ఎక్కడున్నావ్?"

"తువాస్ షిప్‌యార్డ్‌లో ఆంటీ. డ్యూటీ."

"పది నుంచి పన్నెండు దాకా నువ్వు కనబడలేదట?"

"షిప్ అడుగున ట్యాంక్‌లో ఉన్నా! అక్కడ సిగ్నలుండదు!"

స్పందన అతని వైపు చూడలేదు. మూడు రోజులుగా చూడట్లేదు.

"గీతాంజలీ, నువ్వు?"

"దాన్నెందుకడుగుతారు ఆంటీ?" స్పందన అడ్డుపడింది. "సోమవారం అది ఇండోనేషియాలో ఉంది. ఆదివారం చాంగీ ఎయిర్‌పోర్టులో నేనే దింపొచ్చా. పులిహోర కూడా కట్టిచ్చా."

గీతాంజలి ఫోన్లో టికెట్ చూపించింది. సోమవారం. మనాడో 10:00. తెర్నాతే 12:00.

"రెండూ ఎక్కడో తూర్పు చివర బుల్లి ఎయిర్‌పోర్టులు ఆంటీ. రెండు గంటల ఫ్లైట్. ఫోన్లో రెండు గంటల సినిమా మొత్తం చూసేశా."

"దిగాక వాచీ మార్చావా?"

"మనాడోలోనే మార్చేశాగా. ఇండోనేషియా అంటే మనకంటే గంట వెనక. పక్కనున్న బాతాం దీవికి ఎన్నిసార్లు వెళ్లలేదూ!" నవ్వింది.

సరోజిని నవ్వలేదు.

"బాతాం గంట వెనక. నిజమే. మనాడో మాత్రం మనతో సమానం. తెర్నాతే మనకంటే గంట ముందు. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. అంటే గాల్లో ఉండేది ఒక్క గంట. దూరం మూడొందల కిలోమీటర్లు, ఇక్కణ్ణుంచి కౌలాలంపూర్ అంత. ఆ గంటలో రెండు గంటల సినిమా ఎలా చూశావమ్మా?"

గీతాంజలి ఫోన్ బోర్లా పెట్టేసింది. సరోజిని చెయ్యి చాపింది.

"టికెట్ కొన్నావ్. ఫ్లైట్ ఎక్కలేదు. ఏదీ, పాస్‌పోర్ట్‌లో ఇండోనేషియా స్టాంప్ చూపించు."

గీతాంజలి లోపలికెళ్లింది. పాస్‌పోర్ట్ తేలేదు. ట్రిప్‌కి తీసుకెళ్లిన బ్యాగ్ తెచ్చి జిప్ తీసింది. ల్యాప్‌టాప్. డిస్క్.

"ఆ పోస్టుకి నేనూ అప్లై చేశానే. శుక్రవారం దాటాక తిరిగి పెట్టేద్దామనుకున్నా. ఒట్టు! కంప్లయింట్ ఇవ్వకే, నా వర్క్ పాస్ క్యాన్సిల్ చేసి ఇండియా పంపించేస్తారు."

స్పందన ఆ బ్యాగ్ వైపే చూస్తూ అడిగింది.

"నేను కట్టిచ్చిన పులిహోర ఎక్కడ తిన్నావే?"

"ఇక్కడే, వుడ్‌ల్యాండ్స్‌లో. ఫ్రెండ్ రూమ్‌లో."

అభిజిత్ లేచాడు. "నన్ను దొంగనుకున్నావ్. దాన్ని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగనివ్వలేదు." లిఫ్ట్ వైపు నడిచాడు.

స్పందన చేతిలో ఫోన్. పోలీస్ నంబర్ కొట్టేసి ఉంది. వేలు కాల్ బటన్ మీదే ఆగిపోయింది.

చెప్పండి, ఆ వేలు మీదైతే ఏం చేస్తారు?