హాఫ్ క్లచ్‌లో హిమజ

"ఈ ప్లేటు హైవే మీద కాలింది కాదు మేడం," అన్నాడు హరికృష్ణ.

అతని చేతిలో నల్లగా మాడిన క్లచ్ ప్లేటు ఉంది. హిమజ ఫిజిక్స్ లెక్చరరు. ఘర్షణ గురించి ఏటా రెండు సెక్షన్లకు పాఠం చెబుతుంది. ఆ ప్లేటు ఎందుకు మాడిందో ఆమెకు బాగా తెలుసు. ఎక్కడ మాడిందో ఇంకా బాగా తెలుసు. చెప్పే ఉద్దేశం మాత్రం లేదు.

"హైవే మీదే నడుపుతా. స్పీడుగా," అంది.

హిమజ కంటే ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు ఒక్క ఏడాదే చిన్నది. హైదరాబాదులో ఉండే మేనమామ ముచ్చటపడి కొన్నాడు, ఇంజను బలం పెంచించాడు, నడుం నొప్పి మొదలయ్యాక మేనకోడలికి ఇచ్చేశాడు. ముప్పాళ్ళ నుంచి నరసరావుపేట కాలేజీకి ఆమె అందులోనే వెళ్తుంది. ఆర్నెల్లలో పోయిన క్లచ్‌లలో ఇది రెండోది. మొదటిది గుంటూరులో మార్పించారు. మూడోది కూడా పోతే బండి అమ్మేస్తానని తండ్రి ధనుంజయరావు తేల్చి చెప్పాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. ఇప్పుడు కూడా వెంట వచ్చి, షెడ్డు బయట కుర్చీ వేసుకుని మిరపకాయల సంగతి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు.

అసలు జరిగింది ఇది. కాలువ బ్రిడ్జికి ఎక్కే ఎత్తు మీద, రోడ్డు పక్కనే హరికృష్ణ షెడ్డు. అతని తండ్రి మల్లేశ్వరరావు క్వారీ లారీ నడుపుతాడు, కొడుకు డిప్లొమా చదివి లారీల క్లచ్‌లు బాగుచేస్తాడు. శ్రావణంలో ఒక పొద్దున దారికి అడ్డంగా లారీ ఉంటే హిమజ గట్టిగా హారన్ కొట్టింది. లారీ కింద నుంచి ఒక తల బయటికొచ్చింది. హారన్ కొడితే గేర్‌బాక్సు దానంతటది పైకెక్కదని, పది నిమిషాలు ఆగమని చెప్పి మళ్ళీ లోపలికి పోయింది.

కోపం వచ్చింది. సాయంత్రం తిరిగొస్తూ ఆ మాటకు బదులు చెబుదామని నెమ్మది చేసింది. వాన పడుతోంది. అతను చూరు కింద గొంతుక్కూర్చుని ఒక ముసలి డ్రైవరుకు ఏదో చెబుతున్నాడు. ఆ పెద్దాయన అదే ప్రశ్న మూడుసార్లు అడిగాడు, అతను మూడుసార్లూ విసుక్కోకుండా చెప్పాడు. క్లాసులో రెండోసారికే విసుక్కునే హిమజకు ఆ ఓపిక నచ్చింది. తర్వాత మనిషి కూడా నచ్చాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఆ ఎత్తు మీద క్లచ్ సగం తొక్కి, బండి ముందుకూ పోకుండా వెనక్కీ జారకుండా పట్టి నిలబెడుతోంది. అతను కనిపించేదాకా. ఒక్కోసారి కనిపించాక కూడా. అలా పట్టినంతసేపూ ప్లేటు రాసుకుని మాడుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయవచ్చు కదా అంటే, వేస్తే ఆగినట్టు అవుతుంది. క్లచ్ మీద ఉంటే వెళ్తున్నట్టే లెక్క. ఈ తేడా ఆమెకు ముఖ్యం. నిన్న పొద్దున ఆ ఎత్తు మీదే కారు పొగలు కక్కి ఆగిపోతే, నలుగురు కలిసి ఈ షెడ్డులోకే తోశారు.

హరికృష్ణ బల్ల మీద రెండు కొత్త క్లచ్‌లు పెట్టాడు. బలం పెంచిన ఇంజనుకు పాత రకం ఎలాగూ ఆగదని, ఈ రెండింట్లో ఏదో ఒకటి వేయాలని చెప్పాడు. ఒకదానికి మామూలు లైనింగే, పట్టే స్ప్రింగు మాత్రం గట్టిది. రెండోదానికి లైనింగు బదులు సిరామిక్ ముక్కలున్నాయి, రేసుల వాళ్ళు వాడతారు. ఏది వేయాలో బండిని బట్టి కాదు, నడిపే మనిషిని బట్టి ఉంటుందట. అందుకే ఎంత పెద్ద లారీ వచ్చినా, ఎక్కడ ఎలా నడుపుతున్నాడో డ్రైవరు తన నోటితో చెబితే తప్ప అతను పానా పట్టుకోడు.

"హైవే అంటే రెండోది వేస్తా," అన్నాడు. "చానా గట్టిగా పట్టుద్ది. కానీ దీంతో నెమ్మదిగా పోవడం కుదరదు. వదిలితే ఒక్క ఊపున పోవాల. ఎత్తు మీద సగం తొక్కి నిలబెడితే కుదిపి కుదిపి ఆగిపోద్ది. ఇదే వేయమంటారా?"

హిమజ ఆ సిరామిక్ ముక్కల వంక చూసింది. వేయమంటే పరువు దక్కుతుంది, పొద్దున పూట ఆ రెండు నిమిషాలు పోతాయి. అది వేయించుకుని కూడా ఎత్తు మీద నిలబెడితే మూడో క్లచ్ పోతుంది, దాంతోపాటు బండీ పోతుంది. ఈ దారిన బస్సులో పోతే కిటికీలోంచి అతను కనిపించేది ఎంతసేపని లెక్కవేసింది. నాలుగు సెకన్లు వచ్చింది.

"మొదటిది వేయండి."

"ఎందుకండీ?"

"ఎత్తు మీద నిలబెడతా కాబట్టి."

"ఏ ఎత్తు?"

అంత ఓపిగ్గా అడుగుతున్నందుకు ఆమెకు ఒళ్ళు మండింది. "ఈ ఎత్తే. మీ షెడ్డు ముందే. రోజూ పొద్దున తొమ్మిదింటికి. మిమ్మల్ని చూడ్డానికి."

అనేశాక భయమేసింది. సిగ్గు కాస్త ఆలస్యంగా వచ్చింది. హరికృష్ణ ప్లేటును బల్ల మీద పెట్టి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"తెలుసండీ," అన్నాడు చివరికి. "ఆర్నెల్ల నుంచి తొమ్మిదింటికి లారీ కిందకి పోవడం మానేశా."

"తెలిసి అడుగుతున్నారా? ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"నాకు నేనే అనుకుని, అది కాకపోతే? మీరు పెద్దింటోళ్ళు. మీ నోటితో మీరు చెప్తే తప్ప నేను అనుకోకూడదు అనుకున్నా."

ఆమెకు పట్టలేనంత సంతోషం వచ్చింది. అయితే ఏది వేస్తున్నారని అడిగింది.

"మొదటిదే. కానీ దాన్ని కూడా ఎత్తు మీద నిలబెట్టొద్దు. పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లోపలికి రండి."

అప్పుడే ధనుంజయరావు ఫోను జేబులో వేసుకుంటూ లోపలికి వచ్చాడు. ఏంది, తేలిందా అని అడిగాడు. లోపం బండిలో లేదని, నడపడంలో ఉందని హరికృష్ణ మొదలుపెట్టాడు.

"నేనే కాల్చా నాన్నా," అంది హిమజ. "రోజూ ఈయన కోసం ఇక్కడ ఆగి."

ధనుంజయరావు మాడిన ప్లేటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండూనా?"

"రెండూ."

ఆయన మళ్ళీ ప్లేటు వంకే చూశాడు. ఆయన అరిస్తే ఏం చెప్పాలో హిమజకు తెలుసు, ఊరుకుంటే ఏం చేయాలో తెలియదు. కారు పోయినా పర్లేదని ఆ క్షణంలో నిజంగానే అనుకుంది. ఈ మనిషిని పోగొట్టుకోవడం మాత్రం ఆమె వల్ల కాదు.

"అబ్బాయ్, నువ్వెప్పుడన్నా మా అమ్మాయి ఫోన్ నెంబరు అడిగావా?" అన్నాడు ధనుంజయరావు.

"లేదండీ. రిపేరు జాబ్ కార్డు మీద కూడా మీ నెంబరే రాసుకున్నా."

ఆయన షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. గోడకు వరసగా తగిలించిన పానాలు, తుడిచిన నేల, బల్ల మీద విడివిడిగా సర్దిన బోల్టులు. పొలం కొనేముందు గట్లు చూసినంత నిదానంగా చూశాడు. తర్వాత ప్లేటును బల్ల మీద పెట్టేసి, మీ నాన్న ఇంట్లో ఎప్పుడుంటాడని అడిగాడు. ఆదివారం ఉంటాడని హరికృష్ణ చెప్పాడు.

"అయితే ఆదివారం మేం వస్తన్నామని చెప్పు. బండి సంగతి మాట్లాడ్డానికి కాదని కూడా చెప్పు."

అలాగేనండీ అనబోయి, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు హరికృష్ణ.

"చెప్తాడు నాన్నా," అంది హిమజ, అతని బదులు.