ఆఖరి నాలుగు నిమిషాలు

"సార్, గోడకు చెబుతున్నట్టు చెబుతున్నారు," అంది ఆన్‌లైన్ క్లాసులు చూసుకునే టెక్నీషియన్, మొదటి రోజే.

లెక్కల లెక్చరర్‌కు ఒళ్లు మండింది. "అరవై నల్లటి గళ్లు కనిపిస్తుంటే ఇంకెవరికి చెప్పమంటారు? బోర్డు దగ్గరైతే పిల్లల మొహాలు చూసి, అర్థం కాకపోతే మళ్లీ చెప్పేవాణ్ణి."

పాపం, అతని తప్పేం లేదు. మహమ్మారి వచ్చి యూనివర్సిటీ మూతబడ్డప్పట్నుంచీ ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటున్నాడు.

ఆమె కాస్త ఆలోచించి తన కెమెరా ఆన్ చేసింది. "అయితే నా మొహం చూసి చెప్పండి. చిన్నప్పట్నుంచీ లెక్కలంటే నాకు జ్వరం. నాకర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే."

ఇక రోజూ గంటసేపు అదే తంతు. ఆమె కనుబొమలు ముడిపడితే అతను వెనక్కెళ్లి ఇంకో ఉదాహరణ ఎత్తుకునేవాడు. ఆవలిస్తే జోకు వేసేవాడు. ఆ జోకుకీ కనుబొమలు ముడిపడితే బుద్ధిగా లెక్కలోకి వచ్చేవాడు. నెల తిరిగేసరికి పిల్లలూ ఒక్కొక్కరే కెమెరాలు ఆన్ చేయసాగారు. అయ్యవారి చూపు మాత్రం ఆ ఒక్క గడి దాటలేదు.

ఆరు నెలలకు కబురొచ్చింది, సోమవారం నుంచి మళ్లీ క్లాసురూమేనని. అందరూ పండగ చేసుకున్నారు. అతనికి అన్నం సహించలేదు. ఇక ఆమె కనిపించదు. ఏదో వంక పెట్టి ఫోన్ చేద్దామంటే ధైర్యం చాలదు.

చివరి ఆన్‌లైన్ క్లాసు అయ్యాక తల్లి టీ తెచ్చింది. "ఏంట్రా, మొహం అలా వేలాడేశావు?"

"ఇన్నాళ్లూ నేను పాఠం చెప్పింది ఆ ఒక్క అమ్మాయికేనమ్మా. సోమవారం నుంచి ఆమె లేకుండా ఎలాగో తెలీట్లేదు."

"ఆ ముక్క ఆమెతోనే అనొచ్చుగా?"

"నవ్వుతుందేమోనని భయం."

సాయంత్రం ఆమె వీడియో కాల్ చేసింది.

"సార్, అందరూ వెళ్లాక మీరు రికార్డింగ్ ఆపలేదు. పిల్లలకు పంపేముందు ఆఖరి నాలుగు నిమిషాలు కత్తిరించాను."

"చూశారా?"

"కత్తిరించాలంటే చూడాలి కదా. రెండుసార్లు చూశాను. మొదటిసారి సరిగా అర్థం కాలేదు."

"నవ్వారా?"

"నవ్వాను. సంతోషం పట్టలేక."

ఆరు నెలలు ఏకధాటిగా పాఠాలు చెప్పిన మనిషి "అంటే... అంటే..." దగ్గరే ఆగిపోయాడు. వెనక నిలబడి అంతా వింటున్న తల్లి ఓపిక నశించి ముందుకు వంగింది. "వీడు ఇప్పట్లో తెమలడు గానీ, ఆదివారం మీ పెద్దవాళ్లతో మాట్లాడటానికి మేం రావచ్చా అమ్మా?"

ఇన్నాళ్లూ క్లాసు మధ్యలో ఆ తల్లి కనిపించినప్పుడల్లా "బాగున్నారా ఆంటీ" అని పలకరించిన పిల్ల, ఈసారి తల దించుకుంది.

"రండి అత్తయ్యా," అంది.