ఈలగండి

ఫార్నాక్ లోయలో పుట్టినవాడెవడూ ఈలగండి దగ్గర ఊరికే ఈల వెయ్యడు. వేసవిలో పూలు కోసుకుంటూ వెళ్లే పిల్లలు కూడా అక్కడికి రాగానే పెదవులు బిగించుకుంటారు. చూడ్డానికి ఏమీ ఉండదు. కొండ భుజం మీద నుంచి కింది లోయలోకి జారే ఓ పల్లం, అంతే. చెట్టు లేదు, పొద లేదు. చెట్టు ఎందుకు లేదో కాస్త ఆలోచిస్తే చాలు, భయపడ్డానికి దెయ్యం అక్కర్లేదు.

కానీ దెయ్యం కూడా ఉందనే చెప్పుకునేవారు.

చలికాలంలో దక్షిణపు గాలి తిరిగిన రాత్రుల్లో, గండికి అవతలి ఒడ్డున ఎవరో ఈల వేస్తారట. నిడుపాటి ఈలలు రెండు... కాస్త ఆగి, మళ్లీ రెండు. 'దారి బాగుంది, వచ్చెయ్' అని మా వాళ్లలో దానికి అర్థం. అది విని వెళ్లినవాడు మంచు కరిగాక, ఏ మే నెలలోనో అడుగున దొరుకుతాడు. స్కీల మీద వచ్చిన వియన్నా కుర్రాడొకడు అలాగే దొరికాడు. నవ్వుతున్నట్టే ఉన్నాడన్నారు. నేను చూడలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది మా ఊరి ఆఫ్రా. అనుభవించిన మనిషి. ఆవిడ వంటింట్లో పొయ్యి పక్క బల్ల మీద కూర్చుని విన్నాను. "నమ్మితే నమ్ము, లేకపోతే ఆ కత్తి తీసుకుని నాలుగు బంగాళాదుంపలు చెక్కు తియ్యి. ఊరికే నోరు తెరుచుకుని కూర్చోకు," అంది. చెక్కు తీస్తూనే విన్నాను.

ముందు గడ్డి సంగతి చెప్పాలి. ఆస్ట్రియాలో మా టిరోల్ కొండల్లో నిటారు వాలుల మీద ఆగస్టులో కోసిన గడ్డిని అక్కడే కొట్టంలో కూరి వదిలేస్తాం. కిందికి దింపడానికి బండి దారి ఉండదు. మంచు పడితే ఆ మంచే దారి. ఫిబ్రవరిలో, తెల్లవారకముందే, రాత్రి చలికి మంచు గట్టిగా ఉండగానే జారుడుబండ్లు లాక్కుంటూ పైకి పోయి, గడ్డి మోపులు కట్టి దించుకొస్తాం. ఆ చీకట్లో ఈలగండిని దాటాలి.

దాటడానికో పద్ధతుంది. ఇద్దరు ఎన్నడూ కలిసి దాటరు. ఒకడు వెళ్తాడు. రెండోవాడు ఇవతల కాపురాయి అనే పెద్ద బండ దగ్గర ఆగుతాడు. నడుముకి కట్టుకున్న బండి తాడును ఆ రాయి చుట్టూ మూడు చుట్లు చుడతాడు. మనసు తొందరపడ్డా కాళ్లు కదలకూడదని. అవతలికి చేరినవాడు రెండు ఈలలు వేస్తాడు. అప్పుడు తాడు విప్పుకుని రెండోవాడు బయల్దేరతాడు.

ఆఫ్రా మామగారు రోమెడ్, ఆయన తమ్ముడు కాసియన్ అలాగే వెళ్లేవారు. కాసియన్‌ది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు పాదిరిగారు బెత్తంతో ఎంత కొట్టినా మారలేదు. గడ్డి కోసే పొడుగు కొడవలి కూడా ఎడమచేతికి ప్రత్యేకంగా చేయించుకున్నాడు. వరసలో అందరూ కుడి నుంచి ఎడమకి కోస్తుంటే వీడు ఎడమ నుంచి కుడికి! పక్కన నిలబడ్డవాడి కాలు పోతుందని ఎవరూ దగ్గరికి వెళ్లేవారు కాదు. చివరికి వాడికో వాలు విడిగా ఇచ్చేశారు. నవ్వులాటగా ఉండేది.

ఓ చలికాలం రోమెడ్ ముందు దాటాడు. ఈల వేశాడు. తమ్ముడు తాడు విప్పుకుని అడుగు వేశాడు...

కొండ మీది మంచు జారింది.

రోమెడ్ మళ్లీ జన్మలో ఈల వెయ్యలేదు. తను నిలబడి తమ్ముణ్ని పిలిచిన చోటే, అవతలి ఒడ్డున, కొయ్య సిలువ పాతాడు. గాలికి విరిగింది. ఇంకోటి పాతాడు. అదీ విరిగింది. చివరికి పాల కేంద్రంలో మిగిలిపోయిన నీళ్ల గొట్టాలు తెచ్చి ఇనుప సిలువ చేసి బండలో దిగేశాడు. అది నిలిచింది.

కాసియన్ ఆత్మ మాత్రం కుదుటపడలేదని, అన్న వేసిన ఈలనే తిరిగి వేస్తూ తోడు కోసం పిలుస్తున్నాడని ఊరంతా గుసగుసలు. అవి రోమెడ్ చెవిన కూడా పడ్డాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. ఆఫ్రా ఆ ఇంటి కోడలైంది. ఆ ఫిబ్రవరిలో ఆవిడ మొగుడు వెండెలిన్ కట్టెలు కొడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. కింద గడ్డి అయిపోవచ్చింది. షెక్కా అనే ఆవు నిండు చూలు.

"మామయ్యా, రేపు తెల్లవారుజామున మనిద్దరం వెళ్లొద్దాం," అంది ఆఫ్రా.

"గాలి తిరిగేలా ఉందమ్మాయ్. నా మోకాలు చెప్తోంది."

"పోయిన వారం కూడా చెప్పింది మీ మోకాలు. ఎండ కాసింది."

"అది ఎడమ మోకాలు. దాని మాట నేనే నమ్మను. ఇది కుడిది."

మంచం మీంచి వెండెలిన్ కేకేశాడు. "నాన్నా, ఒప్పుకో! లేకపోతే రేపట్నుంచి నీకు కాఫీ ఉండదు, నాకు మనశ్శాంతి ఉండదు."

"గాలి తిరిగితే దారి మూసుకుపోతుంది మామయ్యా. మళ్లీ ఎప్పటికో! అప్పటిదాకా షెక్కాకి ఏం పెడతారు, మీ మోకాలా?"

ముసలాయన నవ్వలేదు. కానీ లేచి లాంతరులో నూనె పోశాడు.

చీకట్లోనే బయల్దేరారు. ఇద్దరికీ ఒకటే లాంతరు. చలి కొరుకుతుందనుకుంటే... మొహానికి గోరువెచ్చగా తగిలింది గాలి. ఎవరో దగ్గరగా నిలబడి ఊపిరి వదిలినట్టు. కాలి కింద మంచు డొల్లగా మోగింది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ పైకి అనలేదు.

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో మా ప్రొఫెసర్ ఒకాయన పళ్లెంలో గోధుమరవ్వ పోసి, దాని మీద రాతపలక పెట్టి, పళ్లెం మెల్లగా వంచి చూపించాడు. మొదట పడ్డ మంచు అడుగున రవ్వరవ్వగా మారుతుందట. గాలి తెచ్చి పోసిన కొత్త మంచు దాని మీద పలకలా బిగుస్తుంది. పలక బరువెక్కాక ఒక్క మనిషి అడుగు చాలు. అరుపులకి కొండ జారదు, అడుగుకే జారుతుంది అన్నాడాయన. నేను సెలవులకి వచ్చి ఈ మాట చెబితే మా ఊళ్లో తిట్టారు. మంచుకి చెవులుంటాయని మా వాళ్ల నమ్మకం. గండిలో ఎవరూ నోరెత్తరు. వేసేది ఆ రెండు ఈలలే, అవీ మెల్లగా.

కాపురాయి దగ్గర రోమెడ్ ఆగాడు. ఆమె చెవి దగ్గర వంగి గుసగుసగా అన్నాడు.

"తాడు చుట్టుకో."

"చుట్టుకుంటాలెండి. మీరు పదండి."

"నేను ఈల వెయ్యను. తెలుసుగా? అవతలికి చేరాక లాంతరు మూడుసార్లు ఊపుతాను. లాంతరు తప్ప ఇంకేదీ నమ్మకు."

"ఇంకేముంటుంది మామయ్యా ఇక్కడ?"

ఆయన బండిని వీపున వేసుకుని గండిలోకి దిగాడు.

ఆఫ్రా తాడు చుట్టలేదు. రాత్రి చలికి గడ్డకట్టిన తాడు ఇంకా కర్రలా ఉంది, వేళ్లు మొద్దుబారాయి. పైగా పాకే పిల్లని మంచానికి కట్టేసినట్టు, ఈ వయసులో ఇదేం కట్టు అనుకుంది. బండి వెనకాల ఉంది, తాడు నడుముకి ఉంది, చాలదా?

లాంతరు వెలుగు దూరమైంది. చిన్నదైంది. గాలి రేగింది. మంచు పొడి తెరలా లేచింది...

వెలుగు లేదు.

ఆరిపోయిందా? తెర వెనక పడిందా? మనిషే పోయాడా? జారిన చప్పుడేమీ రాలేదు. ప్రాణమంతా కళ్లలోకి తెచ్చుకుని చూసింది. చీకటి. గాలి ఇంకా వెచ్చబడింది. దక్షిణం నుంచి.

అప్పుడు వినిపించింది.

నిడుపాటి ఈల... ఇంకొకటి.

ఆఫ్రా వీపు రాతికి ఆనించి నిలబడిపోయింది. ఆయన ఈల వెయ్యడు. ఇరవై ఏళ్లుగా వెయ్యలేదు. అయితే ఎవరు?

చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె మనసే ఆమెకి సర్దిచెప్పింది. లాంతరు ఆరిపోయి ఉంటుంది. అగ్గిపుల్లలు తడిసి ఉంటాయి. పాపం ముసలాయన, ఏం చేస్తాడు? నా కోసం తన ఒట్టు తీసి గట్టున పెట్టాడు... నేనేమో దెయ్యమని వణుకుతూ నిలబడ్డాను. సిగ్గేసింది.

మళ్లీ ఈల. ఒకటి...

ఆఫ్రా రాయి వదిలి కదిలింది. రెండో ఈల మొదలైంది. సగంలో టక్కున తెగిపోయింది — ఎవరో నోరు నొక్కేసినట్టు.

ఆ క్షణంలోనే ఆమె కాలు గండి మంచు మీద పడింది.

ఘుమ్...

చప్పుడు బయట కాదు, ఎముకల్లో వినిపించిందంది. ఆమె బూటు కొసనుంచి ఓ నల్లటి గీత చీకట్లోకి సర్రున పాకింది. కాలి కింద నేల కదిలింది. గండి మొత్తం, ఈ చివర నుంచి ఆ చివరదాకా, ఓ పెద్ద దుప్పటిని కింద నుంచి ఎవరో లాగినట్టు జారిపోతోంది. దాంతోపాటు ఆమె...

నడుము దగ్గర గట్టిగా పట్టు పడింది. ఊపిరి ఆగిపోయేంత గట్టిగా వెనక్కి గుంజింది తాడు.

మంచు పోయింది. కొండంత హోరు కింది లోయలోకి దిగి, అక్కడెక్కడో మూలిగి, ఆగింది. ఆఫ్రా గండి అంచున తాడుకి వేలాడుతూ ఉంది. బండి ఏ రాతికో తట్టుకుందనుకుంది. ఏ దేవుడు పెట్టిన రాయో!

పైకి పాకి, ముడి విప్పుకుని, తాడు అక్కడే వదిలేసి అవతలికి పరుగెత్తింది. జారాల్సిందంతా జారాక గండి అడుగు గట్టిగా ఉంది. ఇక నోరు కట్టుకోవడం ఎందుకు?

"మామయ్యా! మామయ్యా!"

జవాబు లేదు.

అవతలి ఒడ్డున, చీకట్లో, సిలువని కావలించుకుని ఎవరో ఉన్నారు. టోపీ లేదు. తెల్లజుట్టు గాలికి ఎగురుతోంది. కదలడం లేదు. ఆఫ్రా దగ్గరికి పోలేక ఆగిపోయింది.

"ఎవరు?" అంది.

ఆ మనిషి తల తిప్పాడు.

"నువ్వు బతికే ఉన్నావా తల్లీ?"

రోమెడే. అరచేయి సిలువ కొసన అదిమి పట్టుకుని ఉన్నాడు. గొట్టంలో ఆయన టోపీ కుక్కి ఉంది. లాంతరు కాళ్ల దగ్గర ఆరిపోయి పడుంది.

"నా పక్కనే ఈల మోగిందమ్మాయ్! గుండె ఆగిపోయిందనుకో. చూస్తే ఎవరూ లేరు. మళ్లీ చెవిలోనే మోగింది. అప్పుడు తెలిసింది... ఈ గొట్టం. దక్షిణం నుంచి గాలి కొడితే ఇది పిల్లంగోవిలా పాడుతోంది. అరుద్దామంటే, నా అరుపే కొండని దించుతుందేమోనని భయం. టోపీ తీసి కుక్కాను." ఆయన గొట్టాన్ని ఇంకా గట్టిగా అదిమాడు. "ఆ గాలికే కదా ఈ వాలు మీద మంచు పేరుకునేది! సరిగ్గా వెళ్లకూడని రాత్రే ఇది రమ్మంటోంది. వాణ్ని దెయ్యమని ఆడిపోసుకున్నారు అందరూ. పిలిచింది వాడు కాదు. నేను పాతిన సిలువ."

ఆఫ్రా ఆయన చేతిని గొట్టం మీంచి మెల్లగా విడదీసింది.

తెల్లవారింది. ఖాళీ అయిన గండి కంటే భద్రమైన దారి లేదు. ఎలాగూ వచ్చారు, గడ్డి తీసుకునే పోదామనుకున్నారు. ఆఫ్రా బండి కోసం ఇద్దరూ మళ్లీ ఇవతలికి వచ్చారు.

బండి నున్నటి మంచు మీద నిలబడి ఉంది. దానికి ఏ రాయీ అడ్డం లేదు.

తాడు కాపురాయి చుట్టూ ఉంది. మూడు చుట్లు, వరసగా, బిగువుగా.

"నయం, నా మాట విన్నావు," అన్నాడు రోమెడ్.

ఆఫ్రా ఆ తాడునే చూస్తూ అంది. "నేను చుట్టలేదు మామయ్యా."

ఆయన వంగి చూశాడు. చుట్టు వెంట వేలు పెట్టి పోనిచ్చాడు. ఒక చుట్టు... రెండో చుట్టు... వేలు ఆగింది. మా లోయలో ఎవరు చుట్టినా తాడు కుడి నుంచి ఎడమకి తిరుగుతుంది.

ఇది ఎడమ నుంచి కుడికి తిరిగింది.

రోమెడ్ ఆ రాయి ముందు మోకరిల్లాడట. తర్వాత లేచి, గండి వైపు తిరిగి, పెదవులు తడుపుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత మొదటిసారి ఈల వేశాడు. నిడుపాటి ఈలలు రెండు.

ఇక్కడ ఆఫ్రా ఆగింది. నా చేతిలో బంగాళాదుంప సగం చెక్కుతోనే ఉంది.

"జవాబు వచ్చిందా?" అన్నాను. "గొట్టంలో టోపీ ఉందిగా... అవతలి నుంచి రాకూడదు."

"అవతలి నుంచి రాలేదు," అంది ఆఫ్రా.

నా చేతిలోని కత్తి తీసి కింద పెట్టింది.

"మా వెనక నుంచి వచ్చింది."