అవునన్నవాళ్ళ లాబీ

బుధవారాల్లో మా పార్లమెంటు సభ మధ్యాహ్నమే మొదలై సాయంత్రం ఆరింటికల్లా ముగుస్తుంది. ఆ రోజు థేమ్స్ మీంచి లేచిన పొగమంచు నడవాల్లోకి కూడా జొరబడింది. నేను గొర్రెమాంసం తిని, రెండు గ్లాసుల పోర్టు వైను పుచ్చుకుని, పొగతాగే గదిలో కునుకు తీస్తున్నాను.

లోపల చర్చ నా గురించే. ఎనిమిదేళ్ళ కిందట సరిహద్దు కోటలో, నా సిపాయిలు నలభై ముగ్గురు బయట మంచు వానలో ఉండగానే గేటు మూయించాను. వాళ్ళలో ఒక్కడూ మిగల్లేదు. శత్రువు గుమ్మం దాకా వచ్చేశాడని నివేదిక రాశాను. దానికి పతకం వచ్చింది, ఆ పతకానికి ఓట్లు వచ్చాయి. ఇప్పుడు ప్రతిపక్షం వాడొకడు విచారణ జరపాలంటున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? విచారణ జరిగితే శత్రువు అప్పటికింకా మైలు దూరంలో ఉన్నాడని తేలిపోతుంది. నా బతుకు బజారున పడుతుంది.

ఓటింగు గంట మోగింది. మా సభలో ఓటంటే అవునన్నవాళ్ళొక లాబీలోకి, కాదన్నవాళ్ళొక లాబీలోకి నడిచి, చివర గుమస్తాకి పేరు చెప్పి లెక్కపడటమే. మా పార్టీ విప్ ఓక్లీ వచ్చి భుజం కుదిపాడు.

"లేవండి కర్నల్. కుడి లాబీ అవునన్నవాళ్ళది, ఎడమది మనది. వ్యవహారం అటూ ఇటూగా ఉంది. మీ పెళ్ళికి మీరైనా రావాలి కదా."

పరుగెత్తాను. పొగమంచులో ముందు కనిపించిన వీపుల వెంటపడి లోపలికి దూరాను. వెనక తాళం పడింది.

ముందు తడిసిన ఉన్ని వాసన తగిలింది, తర్వాత తుపాకిమందు వాసన. వరసలో ఎవరూ మాట్లాడటం లేదు. మా సభ్యులు ఇంత బుద్ధిగా నిలబడటం నేనెన్నడూ చూడలేదు. అంత దూరాన, వరస మొదట్లో, విచారణ అడిగినవాడి బట్టతల కనిపించింది.

తప్పు లాబీలోకి వచ్చాను. ఇక్కడ లెక్కపడితే నా మీద విచారణకి నేనే ఓటేసినట్టు.

తలుపు తట్టాను. అవతల ఉన్నది ద్వారపాలకుడు హాబ్‌డే.

"హాబ్‌డే, తియ్యి. పొరపాటున వచ్చాను."

"తాళం పడ్డాక తియ్యకూడదయ్యా. తమకి తెలియని నియమమా? లెక్కయ్యాక అటు చివర్నించే బయటికి."

"నేనొక్కణ్ణే..."

"ఒక్కరికి తీస్తే అందరికీ తియ్యాలయ్యా."

కోట గేటు దగ్గర నేనూ అదే మాట అన్నాను.

వెనక్కి తిరిగాను. నా ముందున్నవాళ్ళ నెత్తిన టోపీల్లేవు. బూట్ల మీద మంచు ఉంది... కరగడం లేదు. చివరగా వచ్చింది నేనే. అయినా నా మెడ మీద ఎవరిదో ఊపిరి... చల్లగా. వరస కదిలింది. ఒక అడుగు. ఇంకో అడుగు. ఆగుదామంటే వీపున చేతులు... చాలా చేతులు.

పేర్లు రాసుకునే గుమస్తా బల్ల వచ్చింది. నోరు తెరిచాను. తర్వాత ఏం జరిగిందో తెలియదు. సభలో నా చోట కూర్చుని ఉన్నాను.

విచారణ తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గింది.

ఓక్లీ నా వంక చూడకుండానే, "ఇంటికి వెళ్ళండి కర్నల్," అన్నాడు.

లేవబోతుంటే గుమస్తా కాగితాలు పట్టుకుని వచ్చి నా చెవి దగ్గర వంగాడు. "అయ్యా, తమ ఓటు ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాం. మిగతా పేర్లు ఏం చెయ్యమంటారు?"

"ఏ పేర్లు?"

"బల్ల దగ్గర నిలబడి తమరే చెప్పారు కదయ్యా. నలభై మూడు పేర్లు... వాళ్ళ ఊళ్ళతో సహా."

కాగితం తీసుకుని చూశాను. ఆ సిపాయిల్లో ఒక్కడి పేరు కూడా నాకు ఏనాడూ తెలియదు.