మూడంగుళాల పైపు

ముందు నల్ల కారు.

వెనక రాజేందర్.

కోదాడ వెనకబడింది. మిర్యాలగూడ రోడ్డు మీద అప్పుడే చీకటి ముసురుతోంది. నల్ల కారు కింద నుంచి ఒకటే గర్జన...

ఆ గర్జన రాజేందర్ చేతి పనే!

యాక్సిలరేటర్ తొక్కుతాడు. ముందు కారు ఇంకా వేగం పెంచుతుంది.

"ఉరుకు చరణూ... ఇంకా ఉరుకు."

ఎంత ఉరికితే పైపు అంత కాలుతుంది.

నిన్న సూర్యాపేటలో, రాజేందర్ మెకానిక్ షెడ్డులో, బల్ల మీద రెండు డంప్ పైపులు. టర్బో కక్కే పొగను బయటికి తోసే గొట్టాలు. ఒకటి సన్నది, వేడి ఆపడానికి చుట్టూ పట్టీ కట్టింది. ఇంకోటి మూడంగుళాలది. ఒట్టి ఇనుము.

చరణ్ రెండూ చేతిలో తూచి చూశాడు.

"ఏది మంచిగుంటది బావా?"

బావా! ఆ పిలుపు వింటేనే రాజేందర్‌కు ఒళ్లు మంట. చుట్టం కాదు, పక్కం కాదు. నందిని పుట్టింటివాళ్ల ఇంటిపేరూ వాడి ఇంటిపేరూ ఒకటేనట. అదొక వంక.

వాడి కారు ముందు తన కారు ఎన్నడూ గెలవలేదు. అదైనా ఓర్చుకున్నాడు. కానీ నందిని... తన పెళ్లాం... మొన్న కోదాడ మార్కెట్ యార్డు దగ్గర వాడి కారు దిగుతూ పడీ పడీ నవ్వింది. రాజేందర్ ఇంట్లో ఆ నవ్వు ఒక్కనాడూ వినపడలేదు.

"లావుదే తీసుకో. సన్నదాంతోని ఇంజన్‌కు దమ్ము రాదు."

"మరి వేడి?"

"నేను లేనా?"

ఉన్నాడు. బ్రేకు ఆయిల్ పోయే గొట్టానికి ఆనించి మరీ పైపు బిగించాడు. పట్టీ చుట్టలేదు. మెల్లగా నడిపితే ఏమీ కాదు. కాసేపు గట్టిగా తొక్కితే ఆయిల్ మరుగుతుంది. బ్రేకు కాలి కింద మెత్తగా కూలిపోతుంది.

ఈ సాయంత్రం ఆ కారు, నల్ల అద్దాలు ఎత్తుకుని, కోదాడలో నందిని తల్లిగారి గల్లీలోంచి బయటికి రావడం చూశాడు. నిన్నటి నుంచి నందిని అక్కడే ఉంది.

ఇక అనుమానమేముంది?

ఫోన్ మోగుతుంది. స్పీకర్ నొక్కుతాడు.

"బావా, యాడున్నవ్?"

చరణ్!

ఫోన్‌లో గర్జన లేదు. ఎక్కడో టీవీ మోగుతోంది.

"నువ్వేడున్నవ్ రా?"

"మిర్యాలగూడల, ఇంటికాడ. పొద్దున బండిని మెల్లగ కోదాడ దాక తెచ్చి అక్క చేతిలవెట్టి, నేను బస్సుల ఒచ్చిన. మా ఇంట్ల బండికి కొత్త సామాన్ ఏస్తే, దాన్ని వాకిట్లకు ఇంటి ఆడబిడ్డే తేవాలె. నాకు తోడవుట్టినోళ్లు లేరు గద. అందుకే నందక్కకు డ్రైవింగ్ నేర్పిన."

ముందు కారులో ఉన్నది నందిని!

"చీకట్ల ఎవడో ఎంటవడ్డడని ఇప్పుడే ఫోన్ చేసింది బావా. భయానికి గట్టిగ తొక్కుతున్నదట. జర పోయి సూడవా?"

కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది.

ఆలస్యం... ముందు కాలువ వంతెన. అడ్డంగా మలుపు.

నల్ల కారు వెనక ఎర్ర లైట్లు వెలుగుతాయి. ఆరుతాయి. మళ్లీ వెలుగుతాయి.

కారు వేగం తగ్గదు!

తొక్కుతాడు. పక్కకొస్తాడు. దాటుతాడు. ఆమె ముందుకు దూరి, మెల్లగా బ్రేకు మీద కాలు...

ధడేల్!

వెనక నుంచి నెట్టుకొస్తోంది. రబ్బరు కాలిన కంపు. వంతెన గోడ దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి...

ఆగాయి.

నందిని దిగుతుంది. వంగి కారు కింద చూస్తుంది. బ్రేకు గొట్టానికి ఆనుకున్న పైపు నిప్పులా ఎర్రగా ఉంది.

"ఇందాకటి సంది నా ఎనక ఉన్నది నువ్వేనా?"

రాజేందర్ పైపు వంక చూడకుండా తల తిప్పుకుంటాడు.

"బ్రేకులు పోయినయని నేనెవ్వరికీ చెప్పలే. నీకెట్ల తెలిసి అడ్డమొచ్చినవ్?"

"లైట్లు... లైట్లు చూసిన."

"లైట్లు ఎలిగితే బ్రేకులున్నయనుకుంటరు ఎవ్వరైన. లేవని పైపు బిగించినోనికే తెలుస్తది."

రాజేందర్ కారులో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"బావా... అక్క బాగుందా?"

నందిని కిటికీలోకి వంగుతుంది.

"బాగున్న తమ్మీ. పోలీసోళ్లను తోల్కొని రా. పైపు చల్లారక ముందే."