గంటా పావు దూరం

పొద్దున్నే కొట్టు ముందు దిగిన చేపల పెట్టెల్ని పోలేరమ్మ ఒక్కొక్కటే విప్పుతోంది. ఆమెకి కిలోమీటర్లు తెలియవు. ఐసు తెలుసు. బెజవాడ నుంచి గుడివాడంటే చేపల మీద ఒక వరస ఐసు. హైదరాబాదంటే మూడు వరసలూ, పైన ఊకా.

కూతురు సత్యశ్రీకి హుబ్లీలో బ్యాంకు ఉద్యోగం వచ్చినప్పుడూ ఆమె అదే అడిగింది. "ఎన్ని వరసలు పడుద్దే?"

సత్యశ్రీ ఫోను చూపించింది. గన్నవరం నుంచి హుబ్లీకి విమానంలో గంటా పావు. "ఒక్క వరసేనమ్మా!"

ఆ మాట మీదే పోలేరమ్మ సరేనంది. పిల్లకి ఒంట్లో బాగోలేదంటే పులుసు చల్లారేలోగా చేరిపోవచ్చు అనుకుంది.

ఇవాళ పెట్టెలు విప్పుతుండగా మొగుడు సూరయ్య సత్యశ్రీ టికెట్ తీసుకుని వచ్చాడు. "పొద్దున ఎక్కితే దీపాలేళకి దిగుద్దంట."

"అదేంటయ్యా? గంటా పావేగా!"

"ముందు హైదరాబాదులో దింపుతారంట. అక్కడ కూర్చోబెట్టి, ఇంకోటి ఎక్కిస్తారంట."

"అవనిగడ్డ పోయేవాణ్ణి ఏలూరు తిప్పినట్టా?"

సూరయ్య నవ్వాడు. పోలేరమ్మ నవ్వలేదు. టీ ఫ్లాస్కుతో వచ్చిన కూతురి వైపు తిరిగింది.

"ఏవే, నాకు అబద్ధం చెప్పావా?"

"అబద్ధం కాదమ్మా. ఈ విమానాశ్రయానికీ ఆ విమానాశ్రయానికీ మధ్య దూరం చూసి ఫోను లెక్క కట్టింది. నేరుగా వెళ్తే అంతే పడుతుంది. కానీ నేరుగా వెళ్లే విమానం లేదు."

"లేని విమానానికి టైమెందుకు చూపించింది?"

సత్యశ్రీ ఫ్లాస్కు మూత విప్పి టీ వంచింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నీకు ఫోను చూపించిన రోజే."

ఐసులో ఉన్న పోలేరమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "తెలిసీ చెప్పలేదా? అయితే వెళ్లొద్దు. ఉద్యోగం వద్దని చెప్పెయ్."

"వద్దనాలని నాకూ అనిపిస్తోందమ్మా!" సత్యశ్రీ చెంపల మీదికి కన్నీళ్లు జారాయి. "రోజూ పడుకునేముందు ఆ గంటా పావే చూసుకుంటున్నా. అదీ లేదనుకుంటే నాకు కాలు కదలట్లేదు."

పోలేరమ్మకి ఏమీ పాలుపోలేదు. తిట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ భయం తనొక్కదానికే అనుకుంది. పిల్ల చకచకా బట్టలు సర్దుకుంటుంటే సంబరమనుకుంది. ఇంతకీ హుబ్లీ దగ్గరా, దూరమా? పెట్టెలోంచి నీళ్లు కారి ఆమె పాదాలు తడుస్తున్నాయి.

చెయ్యి ఐసులోంచి తీసి తుడుచుకుంది.

"ఏమయ్యా, ఆ రొయ్యలు అమ్మకు. ఇంటికి తీసుకెళ్తా."

"ఎందుకే?"

"పచ్చడి పెడతా. దానికి ఐసుతో పనిలేదు." కూతురి చెంపలు కొంగుతో ఒత్తింది. చేపల వాసనకి సత్యశ్రీ మొహం తిప్పుకోలేదు. "వెళ్లు. పచ్చడి అయిపోగానే ఫోన్ చెయ్. ఇంకో సీసా పట్టుకుని నేనే వస్తా. నాకా విమానాలొద్దు. రాత్రి హుబ్లీ రైలెక్కి పడుకుంటే అదే తీసుకెళ్తుంది."

సత్యశ్రీ ఏడుస్తూనే నవ్వింది. "అయితే పెద్ద సీసా నిండా పెట్టమ్మా."

"పెద్దదెందుకే?" అంది పోలేరమ్మ, రొయ్యలు గంపలోకి ఎత్తుతూ. "చిన్నదే పెడతా. తొందరగా అయిపోవద్దూ!"