పది అడుగుల లోపు

"పాస్ చెయ్యలేను," అన్నాడు దువార్తె, కొలిచే టేపును చటుక్కున డబ్బీలోకి వదిలేసి. "అలారం పడకగది తలుపుకి పది అడుగుల లోపు ఉండాలి. ఇది పద్నాలుగు."

గిల్డాకి ఒళ్లు మండింది. న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఇల్లు అమ్మాలంటే పొగ అలారాలూ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలూ రూలు ప్రకారం ఉన్నాయని ఫైర్ స్టేషన్ వాళ్లు కాగితం ఇవ్వాలి. అది లేనిదే రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్ట్రేషన్ రేపు, షికాగోకి తిరుగు ప్రయాణం ఎల్లుండి. పోయినేడు అమ్మమ్మ పోయినప్పటి నుంచీ ఖాళీగా ఉన్న ఇల్లు ఇన్నాళ్లకి అమ్ముడుపోతోంది. తనిఖీకి ఎవరో ముసలాయన వస్తాడనుకుంటే, పదకొండేళ్ల కిందట తనని బస్సెక్కించడానికైనా రాని మనిషి యూనిఫాం వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

"నాలుగు అడుగులు ఎక్కువైతే కొంపలు మునుగుతాయా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మునుగుతాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాళ్లని లేపాల్సింది ఈ మోతే."

"నా మీది కోపం కాగితం మీద చూపించకు."

"నీ మీద నాకు కోపమెందుకు? ఉంటే నీకుండాలి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట రేవు మీద సన్నగా వాన పడుతోంది.

"రంగులేసినవాళ్లు పాతది పీకేశారు. చిన్నప్పుడు అలారం అక్కడే ఉండేది. గుర్తుపెట్టుకుని మరీ బిగించాను," అంది.

అక్కడ పెట్టింది ఈ మహానుభావుడే. పదిహేడేళ్లప్పుడు స్కూలు అవగానే వచ్చి, వంట చేస్తానని సాసేజీలు మాడ్చేవాడు. అలారం కుయ్యోమనేది. పెరట్లో ఆకుకూర కోస్తున్న అమ్మమ్మ, "ఏం తగలబెడుతున్నార్రా?" అంటూ కత్తితో సహా పరుగెత్తుకొచ్చేది. చివరికొకనాడు వాడు దాన్ని పీకి వంటింటికి దూరంగా, హాలు చివర బిగించాడు. ఆ వేసవంతా అది నోరెత్తలేదు. అలాంటి వేసవి గిల్డాకి మళ్లీ రాలేదు.

"అక్కడుండేది, నిజమే. ఆరేళ్ల కిందట తీసి ఇక్కడ పెట్టాను," అన్నాడు దువార్తె. పడకగది తలుపు పక్కన కొత్త రంగు మీద వేలు పెట్టాడు. పూడ్చేసిన స్క్రూ కంత చిన్న గుంటలా కనిపించింది.

"ఆరేళ్ల కిందట నీకు మా ఇంట్లో ఏం పని?"

దువార్తె టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారం అందరూ అలారం బ్యాటరీలు మారుస్తారుగా. మీ అమ్మమ్మ స్టూలెక్కలేదు. అందుకని నేనే వచ్చేవాణ్ణి. ఫైర్ స్టేషన్‌లో చేరి రూలు చదివాక, నా వెధవ పని నేనే సరిచేశాను."

"ఏటా వచ్చావా?"

"పది ఆదివారాలు. సూపు పోసి, నీ ఫోటోలు చూపించేది."

"నాకొక్క ముక్క చెప్పలేదే ఆవిడ."

"నేనే వద్దన్నాను. ఆరోజు బస్సు దగ్గరికి వచ్చుంటే వెళ్లొద్దనేవాణ్ణి గిల్డా. నువ్వు ఆగిపోయేదానివి. నర్సింగ్ సీటు పోయేది."

పదకొండేళ్లు గిల్డా ఈ మనిషిని తిట్టుకుంది. తిట్టుకున్నంత కాలమూ ప్రేమించింది. స్క్రూడ్రైవర్ తీసి చేతికిచ్చింది. "నువ్వే బిగించు."

"నేను బిగిస్తే తనిఖీ ఎలా అవుతుంది? నువ్వు స్టూలెక్కు, పట్టుకుంటాను."

ఆమె అలారం ఊడదీసి తెచ్చి, తలుపు పక్కన స్టూలెక్కి బిగించింది. అతను స్టూలు పట్టుకున్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా. మీట నొక్కగానే ఇల్లంతా మోత మోగింది. అది ఆగాక ఆమె కిందికి చూస్తూ మెల్లగా అంది, "ఇప్పుడైనా అడగొచ్చుగా, వెళ్లొద్దని."

"సంతకం పెట్టాక అడుగుతా. ముందే అడిగితే కాగితం దాచి బేరమాడినట్టుంటుంది."

గోడకి ఆనించి సంతకం చేశాడు, తేదీ వేశాడు, ఆమె చేతిలో పెట్టాడు. ఇక ఆమెని ఆపేది ఈ ఊళ్లో ఏదీ లేదు.

"వెళ్లొద్దు గిల్డా."

"బాగా ఆలస్యంగా అడిగావు."

"తెలుసు."

"అందుకని జవాబూ ఆలస్యం చేస్తానని బెంగపడకు. ఇల్లు అమ్మేస్తాను, ఊరు మాత్రం వదలను. నర్సులకి ఇక్కడా ఆసుపత్రులున్నాయి." స్టూలు మీంచే వంగి అతని మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ పూట దువార్తెకి ఇంకా రెండిళ్ల తనిఖీ ఉంది. మొదటి ఇంటికి గంట ఆలస్యంగా వెళ్లాడు.